ఆడేవాళ్ళున్నారు, నడిపించేవాళ్ళు కావాలి

(పొన్నూరులో గిరిజన యువత సమావేశంలో బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

పదో తరగతి పిల్లల్ని ఏమవుతారని అడిగితే పోలీసు, నర్సు, టీచరు, సచివాలయం ఉద్యోగం అంటారు. మంచిదే. కళల్లో పనిచేస్తాం, మన సంస్కృతిని నిలబెడతాం అనేవాళ్ళు మాత్రం మాకు అరుదుగా కనిపిస్తారు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి డాన్సు వేయడం, ఫోటో దిగడం, బట్టలు మడిచి పెట్టెలో పెట్టేయడం, ఇంతే కళ అనుకుంటున్నాం. అదీ ఒక పనే అని చెప్పడానికే ఈ రోజు మీ ముందుకు వచ్చాం. దానికీ చదువుంది, లెక్కాజమా ఉంది, నాయకత్వం ఉంది.

2024లో తెలుగు నేల ఇద్దరు పెద్ద గిరిజన కళాకారులను పోగొట్టుకుంది. జూన్‌లో మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు వెళ్ళిపోయారు. డోలు కొడుతూ కోయల వంశ చరిత్రలను, సమ్మక్క సారలమ్మల కథను నోటితోనే పాడి నిలిపినవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. అక్టోబరులో మార్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజు గారు పోయారు. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. పొట్ట గడవడానికి ఆశ్రమ పాఠశాలలో పని చేసుకుంటూనే రాజగోండుల గుస్సాడీని కుర్రాళ్ళకు నేర్పారు.

గుస్సాడీ ఒక్కడు ఆడేది కాదు. దీపావళి రోజుల్లో దండారీకి బృందం కట్టాలి. నెమలి ఈకల టోపీలు కట్టేవాళ్ళు కావాలి, వాయిద్యాలు వాయించేవాళ్ళు కావాలి, నియమాలు తెలిసిన పెద్దలు కావాలి. అవార్డు ఒక మనిషికి వచ్చినా, ఆయన నిలిపింది అంతమంది పనిని. నాయకత్వమంటే మేము దాన్నే అంటున్నాం.

ఆ మార్లవాయిలోనే 1940లలో హైమన్‌డార్ఫ్ గారు గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించారు. టీచరు ట్రైనింగు చదువుకున్న మాకు ఆ ఊరంటే అందుకే గౌరవం. అదే జిల్లాల్లో గుంజాల అనే ఊళ్ళో ఇళ్ళల్లో దాగిన గోండి రాతప్రతులు బయటపడ్డాయి. ఊరి పెద్దలు, జయధీర్ తిరుమలరావు గారి వంటి పరిశోధకులు కలిసి పనిచేశారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఈ రోజు ఫోనులో గోండి రాయగలుగుతున్నారంటే ఆ పని వల్లే. అక్కడ డప్పు మోగలేదు, వేదిక లేదు. అయినా అదీ సంస్కృతిని తిరిగి నిలబెట్టడమే.

మరి మన సంగతేమిటి? మనకు కొండ లేదు, అడవి లేదు. కాలువ గట్టు, పత్తి చేను, మిరప కోతలు. అందుకని మన దగ్గర కళ లేదనుకుంటాం. ఎరుకల తాతల బుట్టల అల్లిక, ఎరుక చెప్పే అమ్మల మాట తీరు, సుగాలీల అద్దాల కుట్టు, తీజ్ పాటలు, యానాదుల మూలికల జ్ఞానం, ఇవన్నీ ఏమిటి?

అడ్డొచ్చేది కళ లేకపోవడం కాదు, సిగ్గు. 1871లో తెల్లవాళ్ళు తెచ్చిన నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేసింది. పక్కనే బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ కాలంలో ఏర్పడిన సెటిల్‌మెంటే. 1952లో చట్టం రద్దయింది. ముద్ర పోలేదు. మా హాస్టల్లో ఎరుకల పిల్లలు అమ్మతో ఫోనులో మాట్లాడాలంటే మూలకు వెళ్ళి గొంతు తగ్గిస్తారు. భాషనే దాచుకునే పిల్ల పాటను నలుగురిలో ఎలా పాడుతుంది?

నడిపించేవాళ్ళ పని ఏమిటో చెబుతాం. పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. వాళ్ళ అనుమతితో రికార్డు చేసి పేరు, ఊరు, తేదీ రాసిపెట్టాలి. చిన్నవాళ్ళకు నేర్పాలి. పూజలో చేసేదేది, వేదిక మీద చేయదగినదేది అని పెద్దలను అడిగి తేల్చుకోవాలి. పిలిచినవాళ్ళతో బస్సు చార్జీలు, భోజనం, కూలి, ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది, అన్నీ ముందే మాట్లాడుకోవాలి. అతిథుల స్వాగతానికని రెండు గంటలు ఎండలో నిలబెట్టి, పులిహోర పొట్లం చేతిలో పెట్టి పంపేసిన కార్యక్రమాలు మేము చూశాం. అడిగే మనిషి లేకపోతే అంతే.

దారులు కొన్ని ఉన్నాయి. 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు సంప్రదాయ కళల్లో సీసీఆర్టీ స్కాలర్‌షిప్ ఉంది. 40 ఏళ్ళ లోపు కళాకారులకు సంగీత నాటక అకాడమీ బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం ఇస్తుంది, జానపద, గిరిజన కళలకు కూడా. వరంగల్లులో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నృత్యం, నాటకం పీజీ చేయవచ్చు. ముందు డిగ్రీ పూర్తి చేయండి. మొదట్లో ఇందులో డబ్బు రాదు, చేతిలో ఇంకో పని ఉంచుకోండి. కనకరాజు గారూ అలాగే నెగ్గుకొచ్చారు.

ఒక్క కోరిక. మిరప కోతలు అయ్యాక అమ్మానాన్నలు ఇంటికి వస్తారు. ఈ వేసవి సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క పెద్ద మనిషి దగ్గర కూర్చోండి. ఒక పాటో, ఒక అల్లికో, పది మాటలో రాసి తీసుకురండి. జూన్‌లో హాస్టల్ తెరిచేసరికి మేము ఒక బీరువా ఖాళీ చేసి ఉంచుతాం. అది నిండితే, వచ్చే ఆగస్టు 9న ఏం ఆడాలో, ఎలా ఆడాలో మీరే చెబుతారు.

సెలవు. జై ఆదివాసీ!