బండి మీద నీళ్ల ట్యాంకు



దర్శి, పొదిలి, కనిగిరి వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లకు గార పడుతుంది. ఇంకా ఎక్కువైతే కీళ్లు పట్టేస్తాయి, ఎముకలు వంగిపోతాయి. కాచినా ఫ్లోరైడు పోదు. అందుకే మంచినీళ్లు దూరం నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది.

ట్రాలీ ఆటో మీద డ్రమ్ములు కట్టి సొంతంగా ట్యాంకు చేసుకోవచ్చు. కాని మూడు సంగతులు చూడాలి.

మొదటిది బరువు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. ఆటో ఎంత మోస్తుంది? ఆర్.సి. కాగితం చూడండి. నిండు బండి బరువు 1000 కిలోలు, ఖాళీ బండి 450 అనుకోండి. మిగిలింది 550. డ్రైవరుకు 60, డ్రమ్ములకు 30 తీసేయండి. 460 మిగిలింది. అంటే 200 లీటర్ల డ్రమ్ములు రెండే. మూడోది పెట్టకూడదు.

రెండోది కుదుపు. సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపు దగ్గర ఒక పక్కకు ఒరుగుతాయి. బండి తిరగబడవచ్చు. ఒక పెద్ద ట్యాంకు కన్నా చిన్న డ్రమ్ములు మేలు. నిండా నింపి, కదలకుండా కట్టాలి.

మూడోది డ్రమ్ము. పురుగుమందు, రంగు, డీజిలు పోసిన డ్రమ్ము ఎంత కడిగినా వద్దు. తాగే నీళ్లకు చేసినదే కొనాలి. గట్టి మూత ఉండాలి. అడుగున కుళాయి ఉండాలి.

లెక్క తప్పితే ఆ బండి కింద పడేది మన ఇంటివాళ్లే. కాగితం చదవడం మగవాళ్ల పని అనుకోకండి. మీకు అక్షరం వచ్చింది, అంకె వచ్చింది. మీరే చదవండి. మీరే లెక్క కట్టండి.