కాటా, ధర, తీర్పు ఒకే చేతిలో ఉంటే

(విశాఖలో రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రాజ్యాంగం గురించి చెప్పడానికి లాయరు గారిని పిలవాల్సింది కదా అని కొందరు అన్నారు. పదో తరగతి చదివినవాళ్లం దాని గురించి మాట్లాడకూడదని అందులో ఎక్కడా రాసిలేదు. భూమి పోయేది మనది కాబట్టి మనమే మాట్లాడుకుందాం.

అనకాపల్లి బెల్లం మార్కెట్‌నే తీసుకోండి. దిమ్మల్ని కాటా వేసేవాడు, ధర కట్టేవాడు, తగువొస్తే తీర్పు చెప్పేవాడు ఒక్కడే అయితే రైతుకు మిగిలేది ఖాళీ బండి. ప్రభుత్వం విషయంలో ఈ సంగతే 1748లో ఫ్రాన్సులో మాంటెస్క్యూ రాశాడు. చట్టం చేసేవాళ్లు, అమలు చేసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు వేరువేరుగా ఉండాలన్నాడు. అధికారం రాజుకు దేవుడిచ్చింది కాదు, ప్రజల సమ్మతితో వచ్చిందేనని అంతకు ముందే ఇంగ్లండులో జాన్ లాక్ చెప్పాడు.

అయితే ఇదంతా తెల్లవాళ్లు నేర్పిందేనా? కాదని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గారే చెప్పారు. బౌద్ధ భిక్షు సంఘాల్లో తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు ఉండేవని గుర్తుచేశారు. మన తొట్లకొండ, బావికొండ మీద ఉన్నవి భిక్షువుల విహారాలే. పిల్లల్ని అక్కడికి పిక్నిక్‌కు తీసుకెళ్లినప్పుడు ఈ మాట కూడా చెప్పండి.

ఇక భూమి సంగతి. విశాఖ ఉక్కు కోసం 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీకి 64 గ్రామాల భూములు పోయాయి. రాజ్యాంగం 1950లోనే అమల్లోకి వచ్చినా, ఆ భూములు తీసుకున్నది తెల్లదొరలు 1894లో చేసిన చట్టం కిందే. అభ్యంతరం చెప్పుకోవచ్చు, వినేది కలెక్టరే. పరిహారం కట్టేదీ కలెక్టరే. ధర చాలదని కోర్టుకు పోవచ్చు గానీ, ‘మేం ఇవ్వం’ అన్న మాటకు అందులో విలువ లేదు. ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ముసలివాళ్లైపోయిన నిర్వాసితులు గాజువాక వైపు ఇప్పటికీ ఉన్నారు. ప్రజల అవసరం అని తీసుకున్న ఆ భూమి మీది ప్లాంటును నూరు శాతం అమ్మేయడానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ కమిటీ ఆమోదం తెలిపింది. కార్మికులతో పాటు ఆ పొలాలు ఇచ్చినవాళ్లకు కూడా అడిగే హక్కు ఉందని మా సంఘం అభిప్రాయం.

ఆస్తి హక్కు మొదట్లో ప్రాథమిక హక్కు. 1978 నాటి 44వ సవరణతో అది 300ఎ అధికరణంలోకి మారింది. చట్టం ఆధారం లేకుండా ఎవరి ఆస్తీ తీసుకోకూడదన్నదే ఇప్పుడు మిగిలిన కంచె. ఆ చట్టంలో ఏం రాశారన్నదే మనకు ముఖ్యం.

కోర్టు గట్టిగా నిలబడితే ఏమవుతుందో మన జిల్లాలోనే చూశాం. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గిరిజన భూముల్లో గనుల లీజుల మీద సమత సంస్థ కేసు వేసింది. 1995లో హైకోర్టు కొట్టేసింది. 1997 జులైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. ఆ తీర్పుకు పునాది రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్, మన రాష్ట్రపు 1/70 చట్టం.

మైదాన ప్రాంతం రైతుకు అంత రక్షణ లేదు. ఉన్నది 2013 భూసేకరణ చట్టం. ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం మంది సమ్మతి కావాలి. ప్రభుత్వమే సొంతంగా కట్టుకుంటే సమ్మతి అక్కర్లేదు, సామాజిక ప్రభావ సర్వే, బహిరంగ విచారణ మాత్రం జరగాలి. 2014 డిసెంబరులో ఆర్డినెన్సుతో సమ్మతిని ఎత్తేయబోతే దేశమంతా రైతులు అడ్డుపడ్డారు, మర్నాడే కాకపోయినా 2015లో అది మురిగిపోయింది. కానీ 2018లో మన రాష్ట్రమే సవరణ చేసి, కొన్ని ప్రాజెక్టులకు ఆ సర్వే లేకుండా చేసే వీలు పెట్టుకుంది. ఈ సంగతి చాలామంది నాయకులకే తెలియదు. పూలింగ్ సంగతి ఇంకోటి. ఆ కాగితం మీద సంతకం పెడితే మీరే ఇష్టపడి ఇచ్చినట్టు లెక్క.

కాబట్టి ఊళ్లోకి కాగితం వస్తే ముందు మూడు అడగండి. ఇది ఏ చట్టం కింద? ఎవరి ప్రాజెక్టు? సర్వే ఎక్కడ? సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. గ్రామసభకు మగవాళ్లతో పాటు ఆడవాళ్లూ రావాలి. తీర్మానం పుస్తకంలో ఎక్కాక, మనం చెప్పిందే రాశారో లేదో చదివించుకుని, అప్పుడే సంతకం పెట్టండి. ఖాళీ పేజీ మీద ఎవరూ పెట్టొద్దు.