ఫోన్ గ్రూపులో చేరి ఆమె ఏం కోరుకుంటోంది?

(వలస స్త్రీల సమస్యలపై జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉమ్మడి కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఇంటిపనికి కువైట్ వెళ్ళిన స్త్రీల గురించి మన సభల్లో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఏజెంట్ల మోసాలు, జీతాల ఎగవేత, దెబ్బలు - ఇవన్నీ మీకు తెలిసినవే. ఈరోజు ఇంకో సంగతి చెప్పాలని ఉంది. చేతికి ఫోన్లు వచ్చాక ఈ స్త్రీలు వాట్సాప్‌లో తమకు తామే గ్రూపులు పెట్టుకున్నారు. అందులో చేరి వాళ్ళు ఏం కోరుకుంటున్నారు?

సంస్థల వాళ్ళను అడిగితే "సమాచారం" అంటారు. చట్టం తెలిస్తే చాలని వాళ్ళ నమ్మకం. చట్టం లేకపోలేదు. ఇంటిపనివారి కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికో రోజు జీతంతో సెలవివ్వాలి. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు పట్టుకోకూడదు. 2016లో కనీస వేతనం 60 దీనార్లన్నారు. ఇదంతా తెలుగులో పంపితే చదువుకుంటారు, సంతోషమే. కానీ వీసా, అకామా రెండూ ఆ యజమానితోనే ముడిపడి ఉన్నప్పుడు, గేటు దాటితే పారిపోయిందని కేసు పెడతాడన్న భయం ఉన్నప్పుడు, చదివిన మనిషి ఒంటరిగా ఏం చేయగలదు?

అసలు ఆ గ్రూపుల్లో ఏం మాట్లాడుకుంటారో వినండి. రాతకంటే గొంతు రికార్డులే ఎక్కువ. "అక్కా, మీ ఇంట్లో నీకెంతిస్తారు?" అన్నది మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న. ఒక్కొక్కరికీ ఒక్కో మాట చెప్పి విమానం ఎక్కించిన ఏజెంటు గుట్టు అక్కడే బయటపడుతుంది. పక్క వీధిలో తనలాంటి మనిషికే ఎక్కువిస్తున్నారని తెలిశాక, జీతం పెంచమని అడగడానికి నోరు లేస్తుంది. ఫ్యాక్టరీ కార్మికులైతే గేటు దగ్గర కలుసుకుంటారు. ఒక్కో ఇంట్లో ఒక్కతే పనిచేసే స్త్రీకి ఆ గేటు ఏదీ? ఆమెకు ఈ ఫోనే గేటు.

తాను ఎక్కడున్నదీ ఒకరికి తెలిసి ఉండాలనీ ఆమె కోరుకుంటుంది. రోజూ పలకరించే మనిషి రెండు రోజులు పలకకపోతే "ఏమైంది ఆమెకి?" అని ఎవరో ఒకరు అడగాలి. అప్పు తీరాలని పంపిన ఇంటివాళ్ళకు ఫోన్ చేస్తే "ఇంకొన్నాళ్ళు ఓర్చుకో" అంటారు కదా!

అయితే ఏజెంటు మనిషీ మారుపేరుతో అందులో చేరగలడు. గొంతు రికార్డు ఊరికి చేరితే ఆమె నడవడి మీద పంచాయితీ మొదలవుతుంది. మన దేశ నిబంధన సంగతి కూడా చూడండి. ఈసీఆర్ పాస్‌పోర్టున్న స్త్రీ 30 ఏళ్ళు నిండకుండా విదేశంలో ఇంటిపనికి వెళ్ళకూడదు. రక్షణ కోసమే పెట్టామంటారు. వయసు మార్చి రాయించుకునో, విజిటు వీసా మీదో వెళ్ళినామె మాత్రం, ఆపద వస్తే రాయబార కార్యాలయం గడప తొక్కడానికే జంకుతుంది. ప్రభుత్వం 2015లో మదద్ పోర్టల్ పెట్టినా అందులో తన వివరాలు రాయడానికి ఆమెకు ధైర్యం చాలదు. గ్రూపులో మాత్రం చెప్పుకుంటుంది. ఆ మాట అక్కడి నుంచి జారిపోతే ఆమెకు ఇంకో చోటు లేదు.

కాబట్టి మనం ఆ గ్రూపుల్లోకి పోస్టర్లు పంపేముందు తేల్చుకోవలసినవి ఉన్నాయి. కొత్తవాళ్ళను చేర్చుకునే అధికారం ఎవరిది? అది అక్కడ పనిచేసి తిరిగొచ్చిన స్త్రీల చేతుల్లో ఉండాలని నా అభిప్రాయం. ఒకరి గొంతు రికార్డు ఆమెను అడగకుండా మన ఆఫీసుకైనా పంపవచ్చా? మన నివేదికల్లో వాడుకోవచ్చా? మధ్యాహ్నం చర్చలో ముందుగా ఇవి తీసుకుందాం. తిరిగొచ్చిన స్త్రీలు వెనక వరుసల్లో కూర్చుని ఉన్నారు, మొదట వాళ్ళని మాట్లాడనిద్దాం.