థియేటరులో పనిచేసే మన పిల్లల రక్షణ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన రాయచోటి పిల్లలు కడప, తిరుపతి, వేలూరు మొదలు కువైటు దాకా ఆసుపత్రుల్లో నర్సులుగా, థియేటరు టెక్నీషియన్లుగా పనిచేస్తున్నారు. ఆపరేషన్ అనగానే రోగి ఎలా వున్నాడని అందరమూ అడుగుతాము. బల్ల పక్కన నిలబడినవారి సంగతి అడిగేవారు లేరు. ఈ రోజు వారి గురించే నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ల్యాప్రోస్కోపీ మనకు కొత్త కాదు. కుటుంబ నియంత్రణ డి.పి.ఎల్. క్యాంపులు మన ఆడవాళ్లు ఎరిగినవే. గాల్‌బ్లాడరును ఈ పద్ధతిలో 1985లో జర్మనీలో మొదటగా తీశారు. మన దేశంలో 1990లో బొంబాయిలో డాక్టరు ఉద్వాడియా చేశారు. కోత చిన్నది, నొప్పి తక్కువ, రోగికి మేలే.

అయితే లోపల చోటు కోసం పొట్టలో కార్బన్ డయాక్సైడు వాయువు నింపుతారు. రక్తం కారకుండా కరెంటుతో కాలుస్తారు గనుక పొగ పుట్టి ఆ వాయువులోనే నిలుస్తుంది. గొట్టం లాగగానే బుస్సుమని బయటికొచ్చి కెమెరా పట్టుకున్నవారి ముఖానికి కొడుతుంది. కొరియా వైద్యులు 11 మంది హెపటైటిస్-బి రోగుల ఆపరేషన్లలో ఆ పొగను పట్టి పరీక్షించగా 10 మంది పొగలో వైరసు జాడ కనిపించిందని 2016లో ప్రకటించారు. జాడ కనిపించడం వేరు, జబ్బు అంటుకోవడం వేరు. అయినా పీల్చమని ఎవరు చెబుతారు?

2020 మార్చిలో కరోనా భయంతో బ్రిటన్ సర్జన్ల సంస్థలు ఈ ఆపరేషన్లు వీలైనంత వరకు మానుకోమన్నాయి. ఆ వాయువు వల్ల కరోనా సోకిందని తరువాత గట్టి రుజువేమీ దొరకలేదు. కాని ఆ భయంతో ఒక మంచి అలవాటు వచ్చింది. గొట్టాలు తీయకముందే వాయువునంతా ఫిల్టరు బిగించిన సక్షన్‌లోకి వదిలేయడం. పెద్ద ఖర్చు లేని పని. మామూలు సర్జికల్ మాస్కు సన్నని పొగను ఆపలేదు, ఎన్-95 కావాలి.

నన్నడిగితే పొగ కంటే సూదికే ఎక్కువ భయపడాలి. టీకా వేసుకోనివారికి హెపటైటిస్-బి రోగి సూది గుచ్చుకుంటే నూటికి 6 నుంచి 30 మందికి అంటుకోవచ్చు. హెచ్.ఐ.వి. అయితే వెయ్యికి ముగ్గురే. అదీ 72 గంటల లోపల, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మందు మొదలుపెడితే చాలావరకు తప్పుతుంది. గుచ్చుకున్నవారు తిడతారేమోనని దాచుకోవడమే చిక్కు. ఆపరేషన్ అయ్యాక సన్నని గొట్టాల్లో ఎండిన రక్తాన్ని బ్రష్షుతో కడిగే ఆయమ్మను మనం లెక్కలోకే తీసుకోము. చిందకుండా నీళ్లలో ముంచి కడగాలని, కళ్లద్దాలు, మందపు గ్లవుజులు వేసుకోవాలని ఆమెకు ఎవరు చెప్పారు?

యింకొక మాట మన యిళ్ల గురించి. కువైటు మెడికల్‌లో కామెర్ల వైరసుతో అన్‌ఫిట్ అయినవాడు ఆ కాగితం పెట్టె అడుగున దాస్తాడు. తరువాత ఆపరేషన్‌కు వెళితే డాక్టరుకూ చెప్పడు. చెబితే చేయరేమోనని భయం. చెప్పినంత మాత్రాన వెళ్లగొట్టడం తప్పే. అయితే తనకు వైరసు వున్నదని తెలియనివారే ఎక్కువ. కనుక చెప్పినా, చెప్పకపోయినా ప్రతి రోగి రక్తాన్నీ వైరసున్న రక్తంలాగే చూడాలన్నది థియేటరు నియమం.

హెపటైటిస్-బి కి టీకా వుంది. విదేశీ టీకా ఖరీదుగా వున్న రోజుల్లో, 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ దాన్ని మన దగ్గరే తయారుచేసి చవక చేసింది. పసిపిల్లల ప్రభుత్వ టీకాల్లో దేశమంతటా చేరింది మాత్రం 2011లో. అంతకు ముందు పుట్టిన చాలామందికి పడి వుండదు. మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు మూడు డోసులు. చివరి డోసు అయిన నెలా రెండు నెలల్లో రక్తపరీక్ష చేయిస్తే రక్షణ వచ్చిందీ లేనిదీ తెలుస్తుంది. అంకె 10 దాటాలి.

కార్యవర్గానికి నా మనవి: నర్సింగు, టెక్నీషియను చదివే పిల్లలకు ఫీజు సాయం చేసేటప్పుడు ఈ మూడు డోసుల ఖర్చు, పరీక్ష ఖర్చు కూడా కలపండి. థియేటరు డ్యూటీకి వెళ్లకముందే ఆ రిపోర్టు చేతికి రావాలంటే మొదటి సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.