చూపు తప్పిన పాత యంత్రము



కంప్యూటరునందు లెక్క చేయు భాగము వేరు, ఆ ఫలితమును తెరపై చిత్రించు భాగము వేరు. రెండవదానికి గ్రాఫిక్సు కార్డని పేరు. పాత యంత్రమున లినక్సును నెలకొల్పినప్పుడు ఒక్కొక్కసారి తెర నల్లబడి నిలిచిపోవును. అంతమాత్రమున యంత్రము చచ్చినదని పాత సామానులవానికి తూచి ఇచ్చుట తొందరపాటు. ప్రాణమున్నది, చూపు మాత్రమే తప్పినది.

మొదట తాత్కాలిక చికిత్స. యంత్రము మేల్కొనునపుడు వచ్చు పట్టికలో 'ఇ' అక్షరము నొక్కి, 'లినక్స్' అను పదముతో మొదలగు పంక్తి చివర 'నోమోడ్‌సెట్' అను మాట చేర్చవలెను. తెరను తీర్చిదిద్దు పని కెర్నెలు తాను చేపట్టక విడిచిపెట్టును. చిత్రము మోటుగా ఉన్నను అక్షరములు కనబడును.

పిమ్మట రోగనిర్ణయము. ఆంజనేయుడు ఓషధిని గుర్తింపలేక పర్వతమునే పెకలించి తెచ్చెను. మనకంతటి బలము లేదు గనుక గుర్తించియే కదలవలెను. 'ఎల్ఎస్‌పీసీఐ' అను ఆజ్ఞ లోపలనున్న కార్డు పేరు చెప్పును.

అది ఎన్విడియా వారి జీఫోర్స్ 8400 జీఎస్ అనుకొందము. దానిని నడుపు డ్రైవరులు రెండు. ఒకటి కంపెనీ వారిది. దాని మూలలిపి బయటివారికి తెలియదు. ఈ కార్డునకు తగిన 340 శ్రేణికి 2019తో వారి పోషణ ముగిసినది. కెర్నెలు మారుచుండును, ఆ డ్రైవరు మారదు. కనుక రెంటికిని పొత్తు చెడును. రెండవది 'నూవో'. కంపెనీ డ్రైవరు కార్డునకు పంపు సంకేతములను ఓపికతో గమనించి, వాని అర్థము కనుగొని స్వచ్ఛంద సేవకులు వ్రాసినది. 2010లో వెలువడిన లినక్సు 2.6.33 కెర్నెలులో ఇది చేరినది. ఫ్రెంచిలో ఆ మాటకు 'కొత్తది' అని అర్థము. పాతదానిని బ్రతికించునది కొత్తదే!

కావున పాత కంపెనీ డ్రైవరును, నూవోను అడ్డగించుటకై అది వ్రాసియుంచిన పంక్తులను తొలగించి, 'నోమోడ్‌సెట్' లేకుండ యంత్రమును మరల నడుపవలెను. తరువాత 'జీఎల్ఎక్స్ఇన్ఫో' ఆజ్ఞతో పరీక్షింపవలెను. 'ఎల్ఎల్‌వీఎంపైప్' అని వచ్చినచో కార్డు ఊరకున్నది, దాని బరువు ప్రధాన గణకమే మోయుచున్నదని గ్రహింపవలెను. కార్డుయొక్క సంకేతనామము వచ్చినచో చూపు వచ్చినట్లే.

ఇంతటితో నేటి ఆటలన్నియు ఆడునని ఆశింపరాదు. నూవోకు ఈ కార్డుపై వేగము తక్కువ. కాని చదువుటకు, వ్రాయుటకు, పద్దులు కట్టుటకు చాలును. ఒక పిల్లవాని చదువునకు ఇంతకంటె కావలసినదేమి?

పెట్టెలో తాళము వేసిన కవిలె, తాళపుచెవి గలవాడు పోయిననాడు పనికి మాలును. పదిమంది చేతులలో మెలగు గ్రంథము, వ్రాసినవాడు విడిచినను చదువరులచేత నిలుచును. ఇరువదియైదేండ్లుగా తలుపు తెరచియున్న గ్రంథాలయమునకు ఈ సత్యము వేరుగా చెప్పనక్కరలేదు. ఇక ఎవరి ఇంటనైనను నల్లని తెర కనబడినచో, పారవేయుటకు ముందు దాని పేరడుగుడు.