శివారు చేనుకు నీరందితేనే నిర్వహణ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కామర్సు చదివినవాళ్లకు టేలర్, ఫేయోల్, వెబర్ పరీక్షల కోసం బట్టీపట్టిన పేర్లు. డెల్టాలో పుట్టిన మనకు ఆ పాఠం బోధపడటానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, కాలువ గట్టు చాలు.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. పనిని విభజించుకోవాలి, అందరి గురీ ఒకటే కావాలి అని ఫ్రెంచి గనుల ఇంజినీరు హెన్రీ ఫేయోల్ సూత్రాలుగా రాసింది 1916లో. అప్పటికే మన పొలాలకు ఆ నీరు అరవై ఏళ్లకు పైగా పారుతోంది.

ఫేయోల్ పద్నాలుగు సూత్రాల్లో ఆజ్ఞల ఏకత్వం ఒకటి. తలుపు ఎత్తమని ఒకరు, దించమని ఇంకొకరు చెబితే లస్కరు ఏం చేస్తాడు? ఎండేది మాత్రం శివారు చేను. వెబర్ రాతపూర్వక నియమాలుండాలన్నాడు. దాళ్వాలో నీటి వంతుల పట్టిక అలాంటిదే. అది అందరికీ కనబడేలా ఉంటే మోతుబరికీ, రెండెకరాల కౌలురైతుకీ ఒకటే న్యాయం.

టేలర్ 1911 నాటి పుస్తకంలో పనిని కొలిచి చేయమన్నాడు. మంచిదే. కానీ ఆలోచన పైవాడిది, పని కిందివాడిది అన్నట్టు విడదీశాడు. ఏ బోదె ఎక్కడ పూడిందో ముందు తెలిసేది రైతుకే గదా! 1997 చట్టంతో మన రాష్ట్రంలో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడి, కాలువల నిర్వహణలో రైతుకు చోటు దక్కింది. అవి సరిగా పనిచేసిన చోట ఆ లోపం కొంత తీరుతుంది.

ఇదంతా ఇక్కడెందుకంటే, మన సంఘమూ ఒక కాలువే. చందాలు పైనుంచి బాగానే వస్తున్నాయి. ఉపకార వేతనం ఫీజు కట్టలేక బడి మానే పిల్లవాడి దాకా చేరుతోందా? అందుకు మూడు పనులు చేద్దాం. నిధికి ఒక్కరే బాధ్యులుగా ఉండాలి. ఎంపిక నియమాలు రాసి నోటీసు బోర్డుకు అంటించాలి. పేర్లు సూచించేటప్పుడు తరగతి ఉపాధ్యాయుణ్ణి అడగాలి, ఎవరింట్లో ఇబ్బంది ఉందో ఆయనకే తెలుసు.

తలుపుల దగ్గర నీరు ఎప్పుడూ ఉంటుంది. లెక్క చూడాల్సింది శివారులోనే.

సెలవు.