పాజిట్రానుతో పరమాణు పరీక్ష

పాజిట్రాను ఎలక్ట్రానునకు సరిజోడు. ద్రవ్యరాశి ఒకటే, విద్యుదావేశపు పరిమాణమొకటే. గుర్తు మాత్రము తారుమారు. 1932లో కార్ల్ ఆండర్సన్ విశ్వకిరణముల జాడలలో దీనిని కనుగొనెను. ఆసుపత్రులలోని పెట్ స్కానునకు ఆధారమిదియే. మనము చెప్పుకొనదలచినది వేరొక ఉపయోగము: జడవాయు పరమాణువులపై దీనిని ప్రయోగించి, ఎంతమేరకు చెదరునో కొలుచుట.

జడవాయువులే యేల? వాటి పరమాణువులు జంటకట్టక ఒంటరిగా తిరుగును. లెక్క కొంత సులభమగును. సమీపించు ఎలక్ట్రానుపై పనిచేయు ముఖ్యబలములు రెండు. పరమాణువులోనికి చొచ్చినకొలది కేంద్రకము దానిని ఆకర్షించును. అంతేకాక అది పరమాణువులోని ఎలక్ట్రాన్ మేఘమును ఆవలికి నెట్టుటచే మరియొక ఆకర్షణ పుట్టును. పాజిట్రాను వచ్చినపుడు మొదటిది వికర్షణమగును. మేఘము ఈసారి దానివైపునకే సాగుటచే రెండవది ఆకర్షణముగనే నిలుచును. కూడికలో మరుగుపడిన లెక్కతప్పు తీసివేతలో బయటపడును గదా! సిద్ధాంతమునకు ఇది గట్టి పరీక్ష యని మాకు తోచుచున్నది.

చిక్కంతయు మందగతి పాజిట్రాన్లను సంపాదించుటలోనే యున్నది. సోడియం-22 నుండి వెలువడునవి లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో దూసుకొనివచ్చును. వాటిని శుభ్రపరచిన టంగ్‌స్టన్ రేకుపై పడనిచ్చినచో పదివేలకు ఏ కొన్నియో నెమ్మదించి మనకు దక్కును. లోపల నిలిచిపోయినవి ఎలక్ట్రాన్లతో కలిసి గామా కిరణములై నశించును. ఇట్టి బొటాబొటి ధారలతోనే 1970 దశకమున లండను యూనివర్సిటీ కాలేజీలోను, డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయములోను కొలతలు సాగినవి. గొట్టము ఖాళీగా నున్నపుడు ఆవలికొనకు చేరినవెన్ని, వాయువున్నపుడు చేరినవెన్ని, ఇదియే లెక్క.

ఫలితములు విచిత్రములు. సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద హీలియము పాజిట్రానుకు ఇంచుమించు అడ్డే చెప్పదు. ఎలక్ట్రాన్ల విషయమున ఇట్టి రామ్‌సావర్-టౌన్సెండ్ ప్రభావము ఆర్గాన్, క్రిప్టాన్, జీనానులలో కలదు గాని హీలియములో లేదు. 17.8 ఎలక్ట్రాన్ వోల్టులు దాటినచో పాజిట్రాను హీలియమునుండి ఒక ఎలక్ట్రానును లాగికొని పాజిట్రానియముగా మారవచ్చును. 1951లో మార్టిన్ డాయిష్ కనుగొన్న ఈ అల్పాయుష్కు జంట లెక్కలను మిక్కిలి జటిలము చేయుచున్నది. 200 ఎలక్ట్రాన్ వోల్టులకు చేరుసరికి రెండు కణముల కొలతలును ఏకమగును. అంత వేగమున లాగినను నెట్టినను చెదరుట ఇంచుమించు సమానమే.

హీలియము వద్ద కొలతయు లెక్కయు చక్కగా కుదిరినవి. మేఘము విస్తారమైన జీనాను వద్ద వాటి నడుమ ఎడము ఇంకను పూర్తిగా తీరలేదు.